డైపర్ల చేను

గెడ్డపాలెంలో దాలినాయుడు, గౌరునాయుడు అని ఇద్దరన్నదమ్ములు. చెరకు రైతులు. ఊళ్ళో ఉన్న తెలివంతా తమ ఇంట్లోనే కాపురముంటోందని వాళ్ళ నమ్మకం. నిజానికి ఆ ఇంట్లో చదువుకున్నది గౌరునాయుడి పెళ్ళాం కుమారి ఒక్కతే. అందుకే ఆమెను ఎవరూ ఏమీ అడగరు.

శుక్రవారం కుమారికి పట్నంలో అంగన్‌వాడీ టీచరు ఉద్యోగానికి ఇంటర్వ్యూ. ఏడాది పాపను వెంట తీసుకెళ్ళాలని డైపర్ల పాకెట్టు ఒకటి కొని అటక మీద దాచింది.

గురువారం అన్నదమ్ములు దాన్ని దించారు. "చెరకు నుంచి తయారైంది. చెరకు మళ్ళీ మళ్ళీ పండుతుంది" అని దాని మీద రాసుంది. దాలినాయుడు కూడబలుక్కుని చదివి, మళ్ళీ మళ్ళీ పండేదాన్ని నాటుకోక కొనుక్కోవడమేమిట్రా తమ్ముడూ అన్నాడు. అంతే. విత్తనానికి నరికిన చెరకు ముచ్చెలు నాటినట్టు పెరట్లో సాళ్ళు తీసి పాకెట్టులోని పది డైపర్లనీ పాతేశారు. నాలుగు బిందెలు నీళ్ళు పోశారు. డైపర్లు తాగి తాగి ఉబ్బాయి. పైన మట్టి లేచింది. ఇంకేముంది, మొలకొచ్చేసిందని గౌరునాయుడు వీధంతా చెప్పొచ్చాడు. మేకలు మెయ్యకుండా కంచె కూడా కట్టారు.

శుక్రవారం పొద్దున కుమారికి ఖాళీ పాకెట్టు దొరికింది. బస్సు ఇంకో పావుగంటలో. పెరట్లోకెళ్ళి ఒకటి పీకితే గుమ్మడికాయంత ఉంది.

"చెరకు నుంచి రావడం దీని పుట్టుక సంగతి బావగారూ," అంది పళ్ళు బిగబట్టి. "మట్టిలో కలవడం చావు సంగతి. రెండూ ఒకటి కాదు. ఇది చెరకులోనే పుట్టింది గానీ, మన మనవలు ముసలాళ్ళైనా చావదు."

ఎవరో ఊరికే ఇచ్చిన వేరే రకం డైపరొకటి పెట్టెలో ఉంది. ఆ ఒక్కటీ ప్రయాణానికి చాలదు. చేసేది లేక దాన్ని పాపకు తొడిగి, పాపను మొగుడి చేతిలో పెట్టింది. "ఇది మట్టిలో కలిసే రకం. తడిస్తే విప్పి ఎరువుగుంటలో వెయ్యండి," అని చెప్పి పరిగెత్తింది.

దాలినాయుడికి చెమటలు పట్టాయి. మట్టిలో కలిసేది తొడిగిన పిల్లని నేల మీద దించితే పిల్ల ఏమైపోవాలి? గౌరునాయుడు పాపను చంకనేసుకుని గడ్డివామి ఎక్కాడు. గడ్డీ మట్టిలో కలిసేదేనని అన్న గుర్తుచేశాడు. దిగి నులకమంచం ఎక్కాడు. కర్ర కూడా అంతే అన్నాడు అన్న. ఆ మాటతో ఇద్దరికీ తమ ఒంటి మీది బట్టలు గుర్తొచ్చాయి.

సాయంత్రం కుమారి ఉద్యోగం కాగితం పట్టుకుని వచ్చింది. వాకిట్లో రెండు ప్లాస్టిక్ కుర్చీలు. వాటిమీద కాళ్ళు పైకి మడుచుకుని అన్నదమ్ములు. నడుములకు పంచెల్లేవు, యూరియా బస్తాలున్నాయి. పాప మాత్రం కిలకిలా నవ్వుతోంది.

పంచెలు ఏవని అడిగింది కుమారి.

"పత్తివి కదమ్మా, మట్టిలో కలిసే రకం," అన్నాడు దాలినాయుడు గర్వంగా. "నువ్వు చెప్పినట్టే విప్పి ఎరువుగుంటలో వేసేశాం. నీ నూలు చీరలు కూడా మర్చిపోలేదు."

గౌరునాయుడు ఆమె చేతికేసి చూశాడు.

"అది కాగితమే కదూ," అని చెయ్యి చాపాడు.