ఏనుగు స్నానానికి వెళ్లిన మధ్యాహ్నం

కొండవాలులో పనసతోపుకు ఎదురుగా నున్నటి బండ ఒకటుంది. పనస కాపుకొచ్చే రోజుల్లో అడవి అడవంతా ఆ బండ మీదే ఉంటుంది. తీరా చూస్తే అక్కడ ఒక్క కాయా కనిపించదు. కనిపించేవన్నీ పనసాకులే. ఒక్కో ఆకూ ఆ సాయంత్రం కొండముచ్చులు కోసుకొచ్చే ఒక్కో కాయకు గుర్తు. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా ఆకులు చేతులు మారుతుంటాయి. ధర మారినప్పుడల్లా గుండ్రాయి మీద కూర్చున్న గోరువంక గొంతెత్తి అరుస్తుంది. ఇచ్చిపుచ్చుకోవడాలన్నీ వేరుశనగ కాయల్లో.

ఓబులమ్మ అనే చిట్టెలుక ఆ బండ ఎక్కడం అదే మొదలు. తెల్లవారుతూనే తొమ్మిది విడతలుగా మోసి, నలభై అయిదు వేరుశనగ కాయల్ని పైకి చేర్చింది. వానలు తగ్గేదాకా ఇంట్లో తిండి అదే. బొరియలో ఇంకా కళ్లు తెరవని పిల్లలు ఆరుగురు.

ఆకులు కొనిపెట్టేదీ అమ్మిపెట్టేదీ పుల్లన్న అనే నక్క. కొన్నా అమ్మినా ఆకుకో వేరుశనగ కాయ అతని కూలి.

"ఏం ఓబులమ్మక్కా, దారి తప్పి వచ్చావా?"

"లేదు పుల్లన్నా, ఆకు కొందామని."

"ఎన్ని తెచ్చావు?"

"నలభై అయిదు."

పక్కనే కూర్చున్న ఏదుపంది దాసప్ప ముళ్లు గలగలలాడేలా నవ్వాడు. "పనసకాయ ధర రెండొందలమ్మాయ్! నలభై అయిదుకి నాలుగు తొనలిస్తారేమో అడుగు!"

"నువ్వుండు దాసప్పా," అన్నాడు పుల్లన్న. "అక్కా, రెండొందలూ పెట్టమని ఎవరన్నారు? ఆకుకి ఇరవై బయానా పెట్టు, మిగతాదానికి నేను పూచీ. ధర పెరిగితే పెరిగిందంతా నీదే. తగ్గితే తగ్గినంతా నీ బయానాలోంచి పోతుంది. బయానా మొత్తం కరిగిపోయిన క్షణాన నిన్ను అడగను, ఆకు అమ్మేస్తా. ముందే చెబుతున్నా."

"అంత కాయ నేనేం చేసుకోను? మీద పడితే నా తోక కూడా దొరకదు."

"పొద్దుగూకేలోపు ఆకు అమ్మేసుకో, కాయ నీ జోలికే రాదు. ఇంకో కట్టుబాటుంది. బండ దిగేవాళ్ల దగ్గర ఆకు ఉండకూడదు. పైన ఉన్నంతసేపే బేరం. అది నీకైనా ఒకటే, ఆవిడకైనా ఒకటే."

పుల్లన్న గడ్డంతో చూపించిన వైపు ఓబులమ్మ తలెత్తింది. ఇంకా ఎత్తింది. తాను ఇంతసేపూ కొండ అనుకున్నది చెవులూపింది. అది ఏనుగుల పెద్ద. ఆమె కాళ్ల దగ్గర మూడు వందల ఆకులు కుప్పగా పడి ఉన్నాయి. ఆమె వాటి వంక చూడటం కూడా లేదు.

ఓబులమ్మ వట్టి ఆశతో రాలేదు. ఆమె బొరియ పనసతోపులో, వేళ్ల నడుమ. పోయిన వారం గాలివానకు కాయలెన్ని రాలి కుళ్లాయో ఆ ముక్కుకు తెలుసు. సాయంత్రానికి కొండముచ్చులు తెచ్చే కాయ సగం కూడా ఉండదు. ధర పెరిగి తీరాలి. ఆ సంగతి బండ మీద ఇంకెవరికీ తెలియదు.

రెండొందలకి ఒక ఆకు తీసుకుంది.

ధరకు రంగు లేదు, వాసన లేదు. అయినా అది కదిలితే వెయ్యి తలలు ఒక్కసారే తిరిగేవి, గాలికి జొన్నచేను వాలినట్టు. అడవిపందులు, దుప్పులు, నెమళ్లు, నిన్నటిదాకా ఒకదాన్ని చూసి ఒకటి పారిపోయినవి, భుజం భుజం రాసుకుని ఒక్క గోరువంక నోటి వంకే చూస్తున్నాయి. తన ఊపిరి కూడా ఆ ఊపులో కలిసిపోయిందని ఓబులమ్మకు తెలిసింది.

"రెండొందల పన్నెండు!" అని అరిచింది గోరువంక.

"అమ్మెయ్ అన్నా!"

కూలి పోను పది కాయలు మిగిలాయి. పది కాయలు! వేరుశనగ పీకేసిన చేలో పదిరోజులు తవ్వితే దొరికేవి. ఈసారి రెండు ఆకులు తీసుకుంది, రెండొందల పదికి. రెండొందల పదహారుకి అమ్మింది. కూలి పోను ఇంకో ఎనిమిది.

"ఇదేమి వింత దాసప్ప మామా! కూర్చున్న చోట కూర్చున్నట్టే ఉన్నా, కాయలు పెరుగుతున్నాయి!"

"గెలవడం నాకు కొత్త కాదమ్మాయ్. వారంలో నాలుగు రోజులు గెలుస్తా."

"మరి ఒంటి మీద ముళ్లు తప్ప ఏమీ మిగిలినట్టు లేదే?"

"అయిదో రోజు కూడా ఉంటుంది కదమ్మా," అన్నాడు దాసప్ప. "ఇంటికి పో. పద్దెనిమిది కాయలు తక్కువేం కాదు."

కానీ సాయంత్రం సంగతి ఓబులమ్మకు తెలుసు కదా. తెలిసీ దిగిపోవడమా? ఆమె దగ్గర ఇప్పుడు అరవై మూడు. ధర రెండొందల పద్నాలుగు. మూడు ఆకులు, అరవై బయానా, మూడు కూలి. సరిగ్గా సరిపోయాయి.

"అంతా పెట్టేస్తున్నావా అక్కా?" అని అడిగాడు పుల్లన్న.

"సాయంత్రానికి చూడు పుల్లన్నా, ఈ ధర ఎక్కడుంటుందో!"

"నీ ఇష్టం."

ఎండ మండిపోతోంది. బండ కాలిపోతోంది. ధర రెండొందల పదహారు అయింది. అప్పుడు ఏనుగుల పెద్ద ఒక నిట్టూర్పు విడిచి, కాలు కదిపి, ఆకుల కుప్పను తొండంతో పుల్లన్న వైపు తోసింది. తోసేసి, బండ దిగి, వాగు వైపు నడిచింది.

మూడు వందల ఆకులు ఒక్కసారిగా బేరానికొచ్చాయి.

"రెండొందల తొమ్మిది! రెండొందల మూడు!" గోరువంకకు ఊపిరందడం లేదు. "పెద్దమ్మే అమ్మేసిందంటే ఏదో ఉంది" అంటూ దుప్పులు అమ్మాయి. దుప్పుల్ని చూసి పందులు అమ్మాయి. ఓబులమ్మ పాదాల కింద బండే జారిపోతున్నట్టుంది. "ఆగండి! కాయ లేదు! తోపులో కాయే లేదు!" అని ఆమె అరిచిన అరుపు పక్కనున్న దాసప్పకు కూడా వినపడలేదు.

"నూట తొంభై నాలుగు!"

పుల్లన్న ఆమె ముందున్న మూడు ఆకులూ తీసేశాడు. కసిరింది లేదు, నవ్వింది లేదు. పొయ్యి మీంచి పాలు దించినంత మామూలుగా తీశాడు.

"బయానా అయిపోయిందక్కా. అమ్మిన కూలి మూడు కాయలు నీ దగ్గర లేవు కదా, వదిలేస్తున్నాలే. నేనేమన్నా రాక్షసుణ్ణా?"

ఓబులమ్మ దిగిపోలేదు. కూర్చుని చూసింది.

కాసేపటికి ఏనుగుల పెద్ద తడి ఒంటితో తిరిగొచ్చింది. పుల్లన్న దగ్గర మళ్లీ మూడు వందల ఆకులు కొంది, పొద్దున్నకన్నా చవగ్గా. పొద్దు వాలింది. కొండముచ్చులు కాయలు దించాయి. ఉండాల్సినవాటిలో మూడో వంతు కూడా లేవు. తర్వాత గోరువంక, తన నోటిని తానే నమ్మలేనట్టు, మెల్లగా అంది: "రెండొందల తొంభై."

ఓబులమ్మ చెప్పినట్టే జరిగింది. అక్షరం పొల్లు పోలేదు. ఆ మూడు ఆకులే ఉండి ఉంటే రెండొందలకు పైగా కాయలు ఈపాటికి ఇంటిదారి పట్టేవి.

"నీ ముక్కు గొప్పదక్కా," అన్నాడు పుల్లన్న, నిజంగా మెచ్చుకుంటూనే. అతని వెనక కూలి కాయల గుట్ట అతనికన్నా ఎత్తుంది. పొద్దున్నుంచి ఆ గుట్ట పెరగడమే గానీ తరగడం ఓబులమ్మ చూడలేదు. "నేనొక్క అబద్ధమన్నా ఆడానా?"

ఆలోచించింది. "లేదు," అంది. అదే ఆమెకు అన్నిటికన్నా విడ్డూరంగా తోచింది.

ఏనుగుల పెద్ద దిగి వెళ్తుంటే ఓబులమ్మ పరిగెత్తి ఎదురు నిలబడింది. "పెద్దమ్మా! మధ్యాహ్నం ఎందుకమ్మా అమ్మేశారు? మీకేమన్నా వాసన తగిలిందా? ఎవరన్నా ఏమన్నా చెప్పారా?"

ఏనుగు ఎడమకు చూసింది, కుడికి చూసింది, చివరికి కిందికి చూసింది. "ఎవరమ్మా అక్కడ? మధ్యాహ్నమా? ఎండగా ఉంటేనూ, స్నానానికి పోయాను."

"మీరు అమ్మితే ధర పడిపోయిందమ్మా."

"పడిందా?" అంది ఏనుగు ఆశ్చర్యపోతూ. "అయ్యో. ఎవరికైనా దెబ్బ తగిలిందా?"

ఆ గొంతులో ఎగతాళి లేదు, నిజంగానే అడిగింది. ఆ కంటిలో తన నీడ ఆవగింజంత కనిపించింది ఓబులమ్మకు. పక్కకు తప్పుకుని దారిచ్చింది. ఒక్కో అడుగుకీ నేల అదిరింది. ఆ అదురు ఆగేదాకా నోరు తెరుచుకుని చూస్తూనే ఉండిపోయింది.

ఇంకా కాస్త వెలుతురుంది. ఓబులమ్మ ఇంటికి పోలేదు. పీకేసిన వేరుశనగ చేలో దిగి గట్టిపడ్డ మట్టిపెడ్డను గోళ్లతో గీరడం మొదలుపెట్టింది. చీకటి పడేలోపు ఒక్క కాయ దొరికింది. బొరియలో ఆరుగురు.

నీతి: అనుకున్నది నిజం కావడం ఒక ఎత్తు, అది నిజమయ్యేదాకా నిలబడే బలం ఉండటం ఇంకో ఎత్తు.