రెండు రోజుల మెరుపు

నర్సీపట్నం బస్టాండు వెనుక సందులో సన్యాసిరావు అనే మెకానిక్ ఉండేవాడు. పని తెలిసినవాడే కానీ, పైపై పని చేసేవాడు, ఎవరైనా తప్పు పడితే ఇంతెత్తున లేచేవాడు.

పచ్చబడి మసకబారిన హెడ్‌లైట్లను అతను బాగుచేసేవాడు. ఎండకు మాడిన పైపొరను వాటర్ పేపరు అనే గరుకు కాగితంతో తడిపి తడిపి రుద్ది తీసేయాలి. పాలిష్ పట్టాలి. మళ్లీ పాడవకుండా పైన పూత వేయాలి. పూట పడుతుంది. సన్యాసిరావుకు అంత ఓపిక ఎక్కడిది? జిడ్డు నూనెలో గుడ్డ ముంచి తుడిచేవాడు. లైట్లు తళతళలాడేవి. రెండు రోజులు తడిసేసరికి మళ్లీ మొదటికొచ్చేవి.

చలికాలం మొదట్లో నూకరత్నం తన జీపు తెచ్చింది. ఆమె రోజూ తెల్లవారగట్ల చింతపల్లి ఘాట్ మీదుగా కొండ మీది బడులకు టీచర్లను తీసుకెళ్లేది.

"తమ్ముడూ, పైన మంచు మొదలైంది. నాకు దారి కనబడకపోయినా, ఎదుటివాడికి నేనైనా కనబడాలి. గట్టిగా చెయ్యి" అంది.

"నాకు చెప్పాలా అక్కా! టీ తాగి రా."

ఆమె టీ తాగి వచ్చేసరికి పని అయిపోయింది. లైట్లు కొత్తవాటిలా ఉన్నాయి.

నాలుగో రోజు ఘాట్ మలుపులో, మంచులో ఒక లారీ జీపు మీదికి వచ్చేసింది. నూకరత్నం స్టీరింగు తిప్పి కొండరాయికి కొట్టింది. బంపరు వంగింది. వెనక కూర్చున్న కుసుమ టీచర్ చెయ్యి విరిగింది. "నీ బండి కనబడితే గదమ్మా!" అన్నాడు లారీ డ్రైవరు కిందికి దూకి.

టీచర్ని ఆసుపత్రిలో చేర్చి, నూకరత్నం నేరుగా షెడ్డుకు వచ్చింది.

"బయటికి రా! ఏం పూశావు నా లైట్లకి?" అని అరిచింది. సందులో జనం పోగయ్యారు.

సన్యాసిరావుకు ఒళ్లు మండింది. "మంచు కురిస్తే నాదా తప్పు? బండి నడపడం రాకపోతే ఇంట్లో కూర్చో!"

"పదకొండేళ్లుగా ఆ ఘాట్ ఎక్కుతున్నాను. రేపు నువ్వూ రా. భయమా?"

"నాకా భయం?" అన్నాడు. అంతమంది ముందు తగ్గడం అతని వల్ల కాలేదు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరే బయలుదేరారు. ఘాట్ మొదట్లోనే నూకరత్నం రోడ్డు అంచున జీపు ఆపింది. "దిగు. ముందుకు ఇరవై అడుగులు వేసి, వెనక్కి చూడు."

సన్యాసిరావు విసురుగా దిగి నడిచాడు. వెనక్కి తిరిగాడు. ఇంజను చప్పుడు వినబడుతోంది. జీపు మాత్రం లేదు.

"లైట్లు వెయ్యవేం?" అని అరిచాడు.

"వేసే ఉన్నాయిరా!" అంది నూకరత్నం.

అంతలో పై నుంచి ఒక బస్సు దిగింది. దాని లైట్లు ఆ మంచులోనే, దూరం నుంచే కనబడ్డాయి. సన్యాసిరావు పక్కకు తప్పుకున్నాడు. ఇక మంచు మీద నెట్టడానికి లేదు. ఇప్పుడు అతనికి తన మీద తనకే పట్టరాని కోపం వచ్చింది.

షెడ్డుకు రాగానే వాటర్ పేపరు తీశాడు. మధ్యాహ్నం దాకా తల ఎత్తకుండా రుద్దాడు, పాలిష్ పట్టాడు, పూత వేశాడు. నూకరత్నం పక్కనే నిలబడి చూసింది.

సాయంత్రం అతను ఆసుపత్రికి వెళ్లి కుసుమ టీచర్ ముందు చేతులు జోడించాడు. "తప్పయిపోయిందమ్మా."

ఆమె కళ్లెర్రజేసింది. "నా చెయ్యి అతుక్కుంటుంది. ఇంకెన్ని బళ్లకు ఇలా పూశావు?"

మర్నాటి నుంచి అతను షెడ్డు మూసి, తను తుడిచిన బళ్లను ఊరంతా వెతుక్కుంటూ తిరిగాడు. కొందరు తిట్టారు, ఒకడు కొట్టబోయాడు. అయినా అతను ఎదురు మాట అనలేదు. దొరికిన ప్రతి బండికీ పని మళ్లీ మొదటి నుంచి చేశాడు.

నీతి: మన చేతిపనిని నమ్మి ఇంకొకరు ప్రాణాలు పణంగా పెట్టి ప్రయాణం చేస్తారు, పైమెరుగుతో వాళ్లను మోసం చేయడం పాపం, తప్పు తెలిశాక దాన్ని సరిదిద్దకపోవడం అంతకన్నా పెద్ద పాపం.