పాముపొడను దాచిన ఎలుగుబంటి

అనగనగా ఒక అడవిలో మూడు జంతువులు వరి పండించుకునేవి. నవ్వకండర్రా, నిజంగానే! వాగు పక్కన మెట్లు మెట్లుగా మూడు మళ్ళు ఉండేవి. పై మడి ఎలుగుబంటిది. నడిమి మడి కౌజుపిట్టది. కింది మడి కుందేలుది. వాగు నీళ్ళు ముందు పై మడిలోకి వచ్చేవి. గట్టుకి గండి కొట్టి వదిలిన మడవలోంచి నడిమి మడికి, అక్కణ్ణించి కింది మడికి జారేవి. అంటే పై మడిలో ఏముంటే అది కింది వాళ్ళకీ వస్తుందన్నమాట.

అందుకే వాళ్ళకో కట్టుబాటు ఉంది. ఎవరి పైరుకి తెగులు వచ్చినా ఆ రోజే గట్టు మీద ఎండు తాటాకు పాతాలి. అది చూసి కింది వాళ్ళు మడవలు మూసుకుంటారు. కానీ తాటాకు పాతిన మడి గింజల్ని ఆ ఏడు ఎవరూ విత్తనానికి తీసుకోరు.

మూడేళ్ళుగా అడవి మొత్తానికి విత్తనం ఎలుగుబంటిదే. "ఎలుగత్త విత్తనమంటే విత్తనమే!" అని అందరూ అంటుంటే ఆవిడ ముఖం చేటంత అయ్యేది.

ఒకరోజు పొద్దున్నే ఎలుగత్త కలుపు తీస్తోంది. నీటికి కాస్త పైన, వరి కాడల మీద మచ్చలు కనపడ్డాయి. మధ్యలో బూడిద రంగు, అంచున గోధుమ రంగు. అచ్చం పాము ఒంటి మీద పొడల్లా ఉన్నాయి.

"అమ్మో! పాముపొడ తెగులు!" అంది.

పరుగున పోయి తాటాకు తెచ్చింది. గట్టు మీదికి వచ్చాక కాళ్ళు ఆగిపోయాయి. "ఇది పాతితే నా విత్తనం ఎవరు తీసుకుంటారు? నా పరువేం కాను? నాలుగు దుబ్బులకే కదా వచ్చింది. రెండ్రోజులు చూద్దాంలే" అనుకుని ఆకుని పొదలోకి తోసేసింది.

అంతటితో ఊరుకుందా? లేదు. పైరు ఏపుగా ఉంటే మచ్చలు ఎవరికీ కనపడవని తట్టలకొద్దీ పెంట తెచ్చి మళ్ళో పోసింది. ఓసి పిచ్చిదానా! పైరు గుబురుగా కమ్ముకుంటే లోపలికి గాలి ఆడదు. గాలి ఆడని తడిలోనే కదా ఆ బూజు పెరిగేది! మచ్చలు మోకాటి ఎత్తుకి పాకాయి.

కప్ప ఈదుతూ వచ్చింది. "అత్తా, నీ మడి నీళ్ళలో ఆవగింజల్లాంటివి తేలుతున్నాయి. ఏంటవి?" అని అడిగింది.

"మట్టి బెడ్డలు లేరా. పో, పోయి పురుగుల్ని పట్టుకో" అంది ఎలుగత్త. అవి నీళ్ళతో పాటు తెగుల్ని మోసుకుపోయే బూజు ఉండలని ఆవిడకి తెలుసు.

మర్నాడు కుందేలు వచ్చింది. "అత్తా, అడుగు ఆకులు ఎండినట్టున్నాయే?"

"ముదురాకులు ఎండవూ? నీకు చెవులే పెద్దవి, కళ్ళు లేవురా" అని కసిరింది.

ఆ మర్నాడు కౌజుపిట్ట వచ్చింది. వెనకాల ఏడుగురు పిల్లలు. "అత్తా, ఎందుకో నాకు భయంగా ఉంది. పోయినేడు అడవిపందులు తొక్కేశాయి, గాదెలో గింజ లేదు. వీళ్ళకి ఈ పంటే దిక్కు. మడవ తీసే ఉంచమంటావా, మూసుకోమంటావా?"

ఎలుగత్త చెబుదామనే నోరు తెరిచింది. కానీ "తీసే ఉంచు" అంది.

ఆ రోజు నుంచి ఆవిడకి తేనె కూడా సహించలేదు. ఎవరు గట్టెక్కినా ఉలిక్కిపడేది. అయినా చెప్పలేదు.

పదో రోజున నడిమి మడిలోంచి కౌజుపిట్ట కేక వినపడింది. దాని పైరుకి సగం దాకా మచ్చలే! అది ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. తనకన్నా పెద్ద తాటాకుని ముక్కుతో ఈడ్చుకొచ్చింది. పిల్లలు వెనకనుంచి తోశారు. ఆకు పాతేసి, "కుందేలు బావా, నీ మడవ మూసెయ్! నా మళ్ళో తెగులు పుట్టింది!" అని అరిచింది.

అడవంతా మూగింది. "గట్టు మీద గడ్డి పీకవు, అందుకే వచ్చింది" అని ఒకరు. "నీ బద్ధకం మా అందరి కొంప ముంచేది" అని ఇంకొకరు.

"నా తప్పే అయ్యుంటుంది. ఎక్కడ తప్పానో తెలీట్లేదు" అని కౌజుపిట్ట ఏడ్చింది. దాని రెక్క కిందనుంచి చిన్నపిల్ల తల బయటపెట్టి, "అమ్మా, మరి మనకి బువ్వ?" అంది.

ఎలుగత్త అక్కడే ఉంది. ఆవిడ వైపు ఎవరూ చూడలేదు. నోరు మూసుకుంటే ఇంకెప్పటికీ ఎవరికీ తెలీదు. పరువుకి పరువు, విత్తనానికి విత్తనం. కానీ ఆ చిన్నపిల్ల మాట విన్నాక ఊరుకోలేకపోయింది.

"దాన్ని ఏమీ అనకండి. తెగులు నా మడిలోది. నేనే దాచాను" అంది.

రెండు చేతులతో తన పైరుని పాయ తీసి చూపించింది. లోపల కాడలన్నీ కుళ్ళి కంపు కొడుతున్నాయి. గబగబా రెండు మళ్ళ నీళ్ళూ వాగులోకి తీసేశారు. కుందేలు మడి దక్కింది. కోతలప్పుడు చూస్తే పై మడిలో అంతా తాలే. నడిమి మడిలో ఒక గిన్నెడు గింజలు రాలాయి.

ఎలుగత్త తన పాత గింజల బుట్ట మోసుకెళ్ళి కౌజుపిట్ట గూటి ముందు దింపింది. "నన్ను క్షమించమ్మా. పరువు పోతుందని భయపడ్డాను" అంది.

పిల్లలు ఆకలి మీదున్నారు. కౌజుపిట్ట బుట్ట తీసుకుంది. "ఆ రోజు నేను అడిగినప్పుడు మూసుకోమని ఒక్క మాట అనుంటే చాలు కదత్తా" అంది. "ఈ గింజలు ఎండాకాలం దాకా వస్తాయి. ఆ తర్వాత వీళ్ళకేం పెట్టను?"



నీతి: పరువు పోతుందని తప్పు దాచిపెడితే, పక్కవాళ్ళ పిల్లల కంచం ఖాళీ అవుతుంది.