ముల్లు లేని మధ్యవర్తి

అనగనగా ఒక అడవిలో, ఏటి ఒడ్డున తుర్రమ్మ అనే ఉడుత ఉండేది. దాని కాలు ఒకచోట నిలవదు, నోరు అసలే నిలవదు. ముగ్గురు పసికూనల తల్లి. వానాకాలం తిండికని తొర్ర నిండా వేరుశనగ గింజలు కూడబెట్టింది. ఉడుతలకో అలవాటుంది పిల్లలూ. మొలకెత్తకుండా, దాచే ముందు గింజ మొన కొరికేస్తాయి. తుర్రమ్మ ఎప్పుడూ వంకరగానే కొరికేది. స్థిమితంగా కొరికితే కదా!

ఆ ఏడు ఏటవతల చీమలు పెద్ద పుట్ట కడుతున్నాయి. పని రోజుల్లో తిండికి గింజలు పంపినవాళ్ళకు, పుట్ట పూర్తయ్యాక కొన్ని కలిపి తిరిగిస్తామన్నాయి. గింజల్ని ఏరు దాటించడానికి మధ్యవర్తులున్నారు. వాళ్ళకో కట్టుబాటు ఉంది. ముళ్ళపంది సూదవ్వ బాగా పరీక్షించి, తన ముల్లొకటి ఇవ్వాలి. అది మెడలో ఉన్నవాళ్ళే ఇతరుల గింజలు ముట్టాలి. ఏరు దాటించేదాకా ఎవరి గింజలు వాళ్ళ పేరున వేరే తొర్రలో పెట్టాలి. ఎప్పుడడిగితే అప్పుడు చూపించాలి.

తుర్రమ్మ ముందు కొంగ నిదానయ్య దగ్గరికే వెళ్ళింది. ఆయన మెడలో ముల్లుంది.

"పిల్లలెందరమ్మా? వానల్లో ఎంత తింటారు? అంత ఇంట్లో ఉంచుకుని మిగిలిందే ఇవ్వు. పుట్ట మునిగితే గింజలూ మునుగుతాయి మరి," అన్నాడు నిదానయ్య.

"నాలుగు గింజలిస్తే ఎన్నొస్తాయి బాబాయ్?"

"అంతా బాగుంటే ఐదు."

"ఐదేనా! కొంగజపమని ఊరికే అన్నారా!" అని తుర్రమ్మ తుర్రుమంది.

దారిలో కోతి గెంతులప్ప కొమ్మ మీద చిందులేస్తున్నాడు. "గింజకు పది గింజలు! రండి తల్లీ రండి!"

"నీ ముల్లేది అన్నయ్యా?" అని అడిగింది తుర్రమ్మ. అడగడమైతే అడిగింది పాపం.

"ముల్లు గుచ్చుకుంటుంది చెల్లెమ్మా! ఇదిగో, నెమలి ఈక పెట్టుకున్నా. ఎంత బావుందో చూడు!"

నిజంగానే బావుంది. తుర్రమ్మ మురిసిపోయి ముల్లు మాట మరిచిపోయింది.

మొదట గుప్పెడు గింజలిచ్చింది. తెల్లారేసరికి కుప్ప వచ్చింది! రెండోసారి దోసెడిచ్చింది. ఇంకా పెద్ద కుప్ప! ఎందుకో వాటికి బొరియ మట్టి అంటి ఉంది. ఎవరు చూస్తారు? తుర్రమ్మ తోక ఊపుకుంటూ చెట్టంతా గిరగిరా తిరిగింది. "పిల్లలూ, ఈసారి వానల్లో పడుకుని తినడమే!" అంది. మూడోసారి తొర్ర మొత్తం ఊడ్చి ఇచ్చేసింది.

ఆ తర్వాత కుప్ప రాలేదు. అడిగితే గెంతులప్ప, "రేపు చెల్లెమ్మా, రేపు," అనేవాడు.

ఒకరోజు కుందేలు దూదమ్మ గెంతుతూ వచ్చింది. "వదినా! నాకూ లాభమొచ్చింది! ఒకటి తిను!"

తుర్రమ్మ గింజ అందుకుంది. మొన వంకరగా కొరికి ఉంది.

"ఇది నా గింజ! నా పంటి గాటు!" అని కెవ్వుమంది. అప్పుడు గుర్తొచ్చింది బొరియ మట్టి. తనకొచ్చిన లాభం దూదమ్మ గింజలు, దూదమ్మకొచ్చిన లాభం తన గింజలు. ఒక్కటీ ఏరు దాటనే లేదు!

ఆకాశంలో మబ్బులు. తొర్రలో ముగ్గురు పిల్లలు. తుర్రమ్మ దూదమ్మ చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ ఒక్క పరుగున సూదవ్వను పిలుచుకొచ్చారు.

"ఏరా, వీళ్ళ గింజల తొర్ర చూపించు," అంది సూదవ్వ.

"ఊఁ... ఊఁ..." అన్నాడు గెంతులప్ప. నోరు పెగిలితే కదా! పారిపోదామని అప్పటికే దవడల నిండా గింజలు కుక్కుకున్నాడు.

సూదవ్వ మెల్లగా ముల్లుతో పొట్ట మీద చక్కిలిగింత పెట్టింది. గెంతులప్ప ఆపుకోలేక పకపకా నవ్వాడు. గింజలు టపటపా ఎగిరిపడ్డాయి. ఒకటి దూదమ్మ ముక్కుకే తగిలింది. ఏడుస్తూ వచ్చినవాళ్ళు నవ్వుతూ ఏరుకున్నారు.

ఏరితే ఎన్ని? తొర్రలో ఓ మూలకు కూడా చాలవు. మిగిలినవి ఎప్పుడో వాడి పొట్టలోకి పోయాయి.

"మిగతావి ఎవరిస్తారవ్వా?" అంది తుర్రమ్మ.

"ముల్లున్నవాళ్ళు తప్పు చేస్తే తీర్చడానికి వాళ్ళ దగ్గర ముందే కొన్ని గింజలు తీసి దాచాను. నువ్వు ముల్లు లేనివాడికిచ్చావు కదే తల్లీ, అవి నీకు రావు," అంది సూదవ్వ బాధగా. గెంతులప్ప ఈక పీకేసి, చీమల కాపలాలో పుట్టకు మట్టి మోయడానికి పంపింది.

ఆ వానలన్నాళ్ళూ తుర్రమ్మ పిల్లలకు పెట్టి, తను చెట్టు బెరడు కొరుక్కుంది.

మరుసటి ఏడు చీమలు ఇంకో పుట్ట మొదలుపెడితే, మిగులు గింజలతో నిదానయ్య దగ్గరికి వెళ్ళింది. "బాబాయ్, ముల్లు చూపించు. తొర్ర చూపించు," అంది. వారం తిరగకుండా మళ్ళీ వెళ్ళి అడిగింది. నిదానయ్య విసుక్కోకుండా మళ్ళీ చూపించాడు. ఇంటికొచ్చి పిల్లలకు తలో గింజా పెట్టబోయింది.

ముగ్గురూ చేతులు కట్టుకుని కూర్చున్నారు. "అమ్మా, ముందు నీ ముల్లు చూపించు!" అన్నారు.

తుర్రమ్మ పడీ పడీ నవ్వింది.

నీతి: గింజకు పది ఇస్తానన్నవాణ్ణి ముందు ముల్లు అడగాలి, అడిగాక, జవాబు కూడా వినాలి.