గట్టు మీద సంతకాలు

నమ్మనివాళ్లుంటే ఇప్పుడే చెయ్యెత్తండి, కథ మొదలయ్యాక ఎత్తితే ఒప్పుకోను! ఆ ఏడు ఎండలకి సూర్యుడే నీడ కోసం మబ్బు వెతుక్కున్నాడు. అడవి మొత్తానికి ఒక్క కుంట మిగిలింది. దాని గట్టు నిలిస్తే వానలదాకా అందరి గొంతూ తడుస్తుంది. తెగిందా, గేదె చుక్కమ్మకి మొన్ననే పుట్టిన దూడ బతకదు.

చుక్కమ్మది నిదానమైన నడక, నిదానమైన మాట. కానీ ఒకచోట కాలు మోపిందంటే కొండైనా పక్కకి జరగాల్సిందే.

ఓ పొద్దున నక్క గట్టెక్కి గొంతు సవరించుకుంది.

"వినండి! గట్టు తెంపి నీళ్లు పల్లంలోకి వదులుతున్నాం. మీ అందరి ఒప్పుదలతోనే."

"మమ్మల్నెవరు అడిగారు నక్కన్నా?" అంది కుందేలు.

"అడగడమేంటమ్మా, సంతకాలే పెట్టారుగా!" నక్క ఒడ్డున బురద చూపించింది. నీళ్లు తాగడానికొచ్చిన ప్రతి జంతువు కాలిముద్రా అక్కడుంది. "ఇదిగో నీది. పక్కనే జింక పిన్నిది."

నీళ్లు ఇసకలో ఇంకిపోతాయనీ, ఎండిన కుంటలో చేపలన్నీ నక్క పొట్టలోకే పోతాయనీ చుక్కమ్మకి తెలుసు. దూడని ఒకసారి చూసుకుని, వలస కొంగ వైపు తిరిగింది.

"ఏమయ్యా కొంగబాబూ, దేశాలు తిరిగినవాడివి. అక్కడా ఇంతేనా?"

తిరగడమంటే అలా ఇలానా! ఆ కొంగ ఒక్క రెక్క విదిలింపుకి సముద్రం దాటేది, అలిసిపోతే మేఘం మీద కునుకు తీసేది.

"హాలెండులో నీటి పెద్దల్ని ఓట్లేసి ఎన్నుకుంటారత్తా. స్పెయిన్‌లో ఒకచోట కాలవ రైతులు వారం వారం వీధిలో కూచుని, పదిమంది ఎదుటే తగువు తీరుస్తారు. దాహానికొచ్చినవాడి కాలిముద్రని సంతకమనడం ఏ దేశంలోనూ చూళ్లేదు."

"పరాయి దేశాల గోల మనకెందుకు?" నక్క కసిరింది. "ఈ అడవిలో అడుగే సంతకం!"

"అంతేనా అల్లుడూ?" అడిగింది చుక్కమ్మ.

"అంతే!"

"సరే. గట్టు ఉండాలనేవాళ్లం గట్టు మీదే సంతకం పెడతాం. రండర్రా!"

నక్క మెల్లగా వెనక్కి జారుకుంది. గట్టు తెంపడానికి వెనకనుంచి గుట్టుగా తవ్వుకుంటున్న బొరియలోకి దూరి, మిగిలిన మన్ను గబగబా గీకసాగింది.

చుక్కమ్మ మొదటి అడుగు వేసింది. భూమికి అవతలివైపు ఇళ్లలో కంచాలు గలగలలాడాయి! వెనకాలే ఏనుగు, కుందేలు, జింకలు, చీమల బారు. కొత్త గట్టు బిగియాలంటే మందని తోలి తొక్కించడం అందరికీ తెలిసిందేగా? ఇక్కడ అడవే తొక్కింది. పొద్దు వాలేసరికి గట్టు రాయైంది. తర్వాత దాని మీద పిడుగు పడితే పిడుగే పగిలింది!

ఆ తొక్కుడుకే బొరియ కూలింది. నక్క కెవ్వుమంటూ బయటికి దూకింది గానీ తోక కుచ్చు మట్టిలోనే ఉండిపోయింది.

"అల్లుడూ, నీ సంతకమూ పడిందయ్యా!" అంది చుక్కమ్మ, దూడని నీళ్లకి నడిపిస్తూ.

అందరి నీళ్ల మీద నిర్ణయం అందరిదీ కావాలంటే అందరూ గట్టెక్కాలి.

ఇంకా అనుమానమా? ఆ గట్టు కింద కాపురముండే ఎండ్రకాయ పోలయ్యని అడగండి. నక్క తోక కుచ్చు ఇప్పటికీ అతని డెక్కలోనే ఉంది.