చూస్తున్నవాడికి గవ్వ

తవిటమ్మకు నలభై ఒక్కేళ్ళు. రోజూ పొద్దున్నే పెరట్లో ఇసుక జల్లించుకుంటుంది.

ఆ కొండ కింద ఏడు ఊళ్ళున్నాయి. ఊరికో బండ ఉంది. ఎవరైనా దండోరా వేయించిన మాటను ఏడు బండల మీదా ఒకేసారి చెక్కుతారు. చెక్కిన మాట చెరగదు. ఒక బండ మీద గీకేసినా మిగిలిన ఆరూ సాక్ష్యం చెబుతాయి. రాజు కూడా ఒకసారి నోరు జారి, ఆ మాటను చెరుపుకోలేక, దాని పక్కనే ముసలివాడైపోయాడు.

అందుకే జనం దండోరాకు పోయేముందు తవిటమ్మ దగ్గరికి వస్తారు. ఆమె ఇసుకలో ఊరు గీస్తుంది. ఇళ్ళకు గులకరాళ్ళు, మనుషులకు గవ్వలు పెడుతుంది. కాలువలు వేలితో గీస్తుంది. చెప్పబోయే మాటను అక్కడ నడిపి, ఏమవుతుందో చూపిస్తుంది. ఆ మధ్య ఒక ఆసామి "మా బావి మా బంధువులందరిదీ" అని చాటిద్దామని వచ్చాడు. తవిటమ్మ గవ్వలు జరుపుతూ పోయింది. బావి చుట్టూ గవ్వలు కిక్కిరిసి అతని గవ్వకే చోటు లేకుండా పోయింది.

"అమ్మ బాబోయ్, మా బావమరుదులే ఇంతమందా!" అని ఆసామి చెమట తుడుచుకున్నాడు. దండోరా మానుకుని ఇంటికి పోయాడు. ఇసుకలో జరిగిన నష్టాన్ని తవిటమ్మ చీపురుతో ఊడ్చేసింది.

ఒక్క పెళ్ళిమాటను మాత్రం ఇసుకలో పెట్టకూడదు. అపశకునమట. ఆడదాని బతుకులో అన్నిటికన్నా పెద్ద మాటకే పరీక్ష అక్కర్లేదని ఎవరు తేల్చారో ఏ బండ మీదా లేదు.

తవిటమ్మ చెల్లెలు అసిరితల్లి పెళ్ళిపీటల మీద చెప్పిన మాట ఏడు బండల మీదా ఉంది. "నా ఊటనీళ్ళు నా మొగుడు ఎటైనా మళ్ళించుకోవచ్చు." ఎంత అని లేదు. ఎన్నాళ్ళని లేదు. ఆ ఊట ఆమెకు తల్లి ఇచ్చింది. దాని కిందే ఆమె తమలపాకు తోట. పోయిన వేసవిలో మొగుడు నెల రోజులు ఆ నీళ్ళను తన తమ్ముడి నిమ్మతోటకు తిప్పాడు. సగం తీగలు ఎండిపోయాయి. మిగిలిన సగం మీదే ఆమె, పిల్లలు తింటున్నారు.

"అప్పా, పాతమాట ఎలాగూ చెరగదు. దాని కింద కొత్తమాట చెక్కిద్దాం. ఇకమీదట మళ్ళించే హక్కు ఆయనకు లేదని," అంది అసిరితల్లి అక్కతో.

"నడిపి చూద్దాం, కూర్చో."

తవిటమ్మ పెరటికి గోడ లేదు, నడుమెత్తు దడి ఒక్కటే. పరీక్షను ఎవరైనా చూడవచ్చని ఆచారం. అసిరితల్లి మొగుడు వేపపుల్ల నములుతూ వచ్చి దడి దగ్గర నిలబడ్డాడు.

"ఏం వదినా, ఈ వయసులో గుజ్జనగూళ్ళా?"

"అవును మరిదీ. ఉడికాక పిలుస్తాం, పో."

అతను పోలేదు. తవిటమ్మ ఊట దగ్గర చెంబుతో నీళ్ళు వంచింది. మొగుడి గవ్వ నీళ్ళకు అడ్డం వచ్చింది. కొత్తమాట పెట్టగానే ఆగిపోయింది. నీళ్ళు తమలపాకు తోటకే పారాయి. మూడుసార్లు నడిపింది. మూడుసార్లూ అంతే. ఏడాదిలో మొదటిసారి అసిరితల్లి నవ్వింది.

"బాగా తేలింది," అని మొగుడు వేపపుల్ల ఉమ్మేసి వెళ్ళిపోయాడు.

అక్కచెల్లెళ్ళు వెంటనే దండోరా గట్టుకు బయలుదేరారు. గట్టు మీద కూర్చునే పెద్దమనిషికి గిన్నెడు నెయ్యి ఇచ్చి కొత్తమాట చెప్పారు. ఆయన తలూపుతుండగానే మొగుడు కుండెడు నెయ్యి భుజాన పెట్టుకుని వచ్చాడు. పెద్దమనిషి కుండ ఎత్తి చూసి, అతన్ని ముందుకు రమ్మన్నాడు.

"మేమే ముందొచ్చాం కదండీ!" అంది అసిరితల్లి.

"ముందొచ్చింది మీరేనమ్మా. బరువైంది ఆయన కుండ."

మొదటి దండోరా పడింది. "నా భార్య నాకిచ్చిన హక్కుతో ఆమె ఊటను మా తమ్ముడి నిమ్మతోటకు శాశ్వతంగా మళ్ళించాను." దాని వెనకే రెండోది పడింది. "నా ఊటను మళ్ళించే హక్కు ఇకమీదట నా మొగుడికి లేదు."

ఏడు ఊళ్ళలో ఉలులు మోగాయి. రెండు మాటలూ చెల్లాయి. అతనికి ఇక మళ్ళించే హక్కు లేదు. మళ్ళించడానికి నీళ్ళూ లేవు.

"మీ మాట అక్షరం పొల్లుపోకుండా చెక్కించాం. ఇంకా ఏడుపెందుకమ్మా?" అన్నాడు పెద్దమనిషి. ఆయనకు నిజంగానే అర్థం కాలేదు.

ఊళ్ళో ఆడవాళ్ళు తవిటమ్మను చుట్టుముట్టి, నీ ఇసుక అబద్ధమాడిందన్నారు.

"ఇసుక అబద్ధమాడలేదు. ఊళ్ళో అందరికీ గవ్వలు పెట్టాను. దడి దగ్గర నిలబడి చూస్తున్నవాడికి పెట్టలేదు."

"ఇసుకలో ఆయన గవ్వ ఉంది కదప్పా," అంది అసిరితల్లి.

"అది నీళ్ళు తిప్పే మొగుడి గవ్వ. మనం చేయబోయేది తెలుసుకున్న మొగుడిది కాదు."

"వాడు చూస్తున్నాడని నీకు తెలుసుగా?"

"తెలుసు. చూసేవాడు చూసి ఊరుకుంటాడనుకున్నాను."

నిమ్మతోట విరగకాసింది. తమలపాకు తీగలు ఒక్కొక్కటే కర్రలు విడిచి నేల మీద పడ్డాయి. అసిరితల్లి పిల్లలు కూలికి పోవడం మొదలుపెట్టారు. పరీక్షల కోసం తవిటమ్మ దగ్గరికి జనం వస్తూనే ఉన్నారు. ఆసాములు కూడా వచ్చారు, దడి దగ్గర నిలబడడానికి.

ఆ వైశాఖంలో ఒక పట్టపగలు తవిటమ్మ పార భుజాన వేసుకుని నిమ్మతోటకు పోయి, చెల్లెలి ఊటనీళ్ళు పారే కాలువను పూడ్చేసింది.