మాట్లాడటం నేర్చుకున్న డాక్టర్లు

ఆ క్యాన్సర్ ఆసుపత్రిలో ముగ్గురు డాక్టర్లుండేవారు. దేవుడు తెలివంతా తమకే పంచిపెట్టి, అడుగున మిగిలింది ఊరి మీద దులిపాడని వాళ్ళ గట్టి నమ్మకం. అంతటి వాళ్ళకి, ముసలి రోగులతోనూ వెంట వచ్చినవాళ్ళతోనూ ఎలా మాట్లాడాలో నేర్పడానికి పట్నం నుంచి ఒక మేడమ్ వచ్చింది. ముగ్గురూ పాఠమంతా పొల్లుపోకుండా బట్టీపట్టారు. బట్టీపడితే వచ్చేసినట్టే కదా!

మర్నాడు అచ్చాయమ్మ వచ్చింది. ఎనభైకి దగ్గరపడిన మనిషి, కడుపులో గడ్డ. ఆవిడకి కావలసింది ఒకే ఒక్క మాట. మందు ఎక్కించుకుంటే మనవరాలి పురుటి నాటికి లేచి తిరగగలదా? పిల్లకి తల్లి లేదు. అమ్మమ్మ మంచాన పడితే దాన్ని చూసే దిక్కెవరని ఆవిడ బెంగ.

రోగి కళ్ళ ఎత్తున ఉండి మాట్లాడమంది కదా మేడమ్! పెద్ద డాక్టరు మార్కండేయులు ఆరడుగుల మనిషి. కుర్చీలో కూర్చుంటే కళ్ళు పైకొచ్చాయి, నేల మీద కూర్చుంటే కిందికి పోయాయి. అంతే, గోడకుర్చీ వేశాడు.

రోగి మాట్లాడేదాకా ఆగమని ఆయన పాఠం. పెద్ద డాక్టరు ముందు తనే నోరెత్తకూడదని ఆవిడ మర్యాద. ఇంకేముంది, భోజనాల వేళ దాకా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆయన తొడలు వణుకుతుంటే జాలేసి, చివరికి ఆవిడే అడిగింది.

ఆయన నోరు తెరిచేలోగా డాక్టర్ హేమలత అడ్డొచ్చింది. "సార్! వెంట ఉన్నవాళ్ళ బాగోగులు మర్చిపోవద్దన్నారు!"

వెంట ఉన్నది కోడలు సత్యవేణి.

"నిద్రపోయావా అమ్మా?"

"ఎక్కడండీ! అత్తయ్య మూలుగుతుంటే నిద్రెలా పడుతుంది?"

"తిన్నావా?"

"టీ తాగానండి."

అంతే! సత్యవేణిని మంచమెక్కించి సెలైన్ పెట్టేశారు. "నాకే జబ్బూ లేదు మొర్రో" అన్నా వినలేదు.

అచ్చాయమ్మ కోడలి పక్కన చేరి తల నిమిరింది.

"ఇప్పుడు వెంట ఉన్నది ఈవిడే!" అన్నాడు డాక్టర్ ఫణీంద్ర. ఆవిడకీ మంచం. ఇద్దరికీ తోడు కూర్చున్న హేమలత ఆవులించింది, ఆవిడకీ మంచం. ముగ్గురినీ కనిపెట్టుకున్న ఫణీంద్రకి కళ్ళు తిరిగాయి, అతనికీ మంచం.

మార్కండేయులు ఒక్కడే మిగిలాడు. అడిగేవాళ్ళు లేక తనని తనే అడిగాడు. "భోంచేశారా సార్?" "లేదండీ." "అయ్యయ్యో!" అనుకుని తనూ పడుకున్నాడు.

అచ్చాయమ్మకి ఒళ్ళు మండింది, ఆ వెంటనే ఏడుపూ వచ్చింది. గోడ పట్టుకుని లేచి ఆయన మంచం దగ్గరికి వెళ్ళింది.

"అయ్యా, ఇప్పుడన్నా చెప్పండి. పిల్ల పురుటికి నేను లేచి తిరుగుతానా?"

ఆయన దుప్పటి గడ్డం దాకా లాక్కున్నాడు.

"పేషెంట్లనడిగితే ఏం తెలుస్తుందమ్మా? డాక్టరుగారు రౌండ్లకొస్తారు, అప్పుడడగండి. వస్తే నన్నూ లేపండి. ఆయన కోసమే చూస్తున్నాను."